ఎర తాడు పట్టిన చెయ్యి

పోయినవారం మర్సియాని దక్షిణాఫ్రికాలోని క్లైన్‌బాయ్ రేవులో, జూలై చలిలో, నోట మాట రాకుండా నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారమంతా అక్కడే ఉంది. ముప్పయ్యేళ్ళు 'హెస్టర్' పడవ నడిపిన సారెల్ పెద్దాయన ఆ పొద్దున్నే తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టి, "ఇక నీదే అమ్మాయ్" అన్నాడు. సరంగుగా ఆమెకి అదే మొదటి రోజు. తీరా బయల్దేరే వేళకి, ఎర తాడు పట్టే మనిషి బాత్రూంలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడని కబురొచ్చింది. ఎర మనిషి లేకుండా పడవ కదలకూడదు. నీళ్ళలోకి దించే ఇనప బోనులోంచి తెల్ల సొరల్ని చూద్దామని దేశాలు దాటి వచ్చిన ఎనిమిది మంది రబ్బరు సూట్లు తొడుక్కుని వణుకుతూ కూర్చున్నారు. రేవు మొత్తం మీద ఖాళీగా ఉన్న ఎర మనిషి ఒక్కడే. ఆబ్నర్.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. పదకొండేళ్ళ కిందట, పంతొమ్మిదేళ్ళ మర్సియా ఉన్న బోను మీదికి ఎర లాగి, దాని వెంటే సొరని బోనులోకి తెచ్చిపడేశాడని ఊరంతా నమ్మే ఆబ్నర్ ఇతనే. ఇతను కాలు పెట్టిన పడవలో తను కాలు పెట్టనని ఒట్టేసుకుంది మర్సియా. అదే నోటితో ఇప్పుడు "ఎక్కు" అనాల్సి వచ్చింది.

ఎక్కాడు. తన తాడు తానే తెచ్చుకున్నాడు. ఆ తీరంలో ఎర పట్టేవాళ్ళకి అదొక పట్టింపు. పడవవాళ్ళు కొన్న తాడు ముట్టరు. సొంతంగా నార తాడు తెచ్చుకుని, ఉప్పునీళ్ళలో నానబెట్టి మెత్తబరిచి, భుజాన వేసుకు తిరుగుతారు. నైలాన్ తాడైతే సొర పళ్ళలో చిక్కుకుపోతుంది. నార అయితే అది పుటుక్కున కొరుక్కుని తన దారిన తాను పోతుంది. ఏ పడవా ఎక్కనివ్వని మనిషి దగ్గర మెత్తగా నానిన తాడు సిద్ధంగా ఉండటం మర్సియా చూసింది. పదకొండేళ్ళుగా ఎవరు పిలుస్తారని నానబెడుతున్నావని అడగాలనిపించింది. అడగలేదు.

"ఎక్కడ నిలబడను?" అన్నాడు ఆబ్నర్.

"వెనకాల. నా కళ్ళకి కనబడేలా ఉండు."

ఆ ఊళ్ళో పెద్దవాళ్ళ పేరు ముందు మర్యాదకి 'ఊమ్' అని, అంటే బాబాయ్ అని, చేర్చకుండా చిన్నపిల్లలు కూడా పిలవరు. పిలిస్తే నెత్తి మీద మొట్టికాయ పడుతుంది. అరవై దాటిన ఆబ్నర్‌ని మర్సియా ఒట్టి పేరుతో పిలవడం మొదలుపెట్టి పదకొండేళ్ళయింది. అతను ఒక్కసారీ ఏమీ అనలేదు. ఇవాళ కూడా టోపీ సర్దుకుని వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

డయ్యర్ దీవి దగ్గరికి వచ్చేసరికి సీల్ జంతువుల కంపు ముక్కు బద్దలు కొట్టింది. లంగరు వేశారు. సొరల్ని రప్పించడానికి డెక్కు పనివాడు లువుయో చేపనూనె, నలగ్గొట్టిన సార్డీన్లు కలిపి కుండెడు కుండెడు నీళ్ళలో పోస్తున్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి, నోరు ఊరుకోదు.

"ఈ కంపు వదిలేదాకా ఇంట్లోకి రావద్దంటోంది మా ఆవిడ. నిన్న కుక్క కూడా నన్ను చూసి లేచి పక్కకెళ్ళిపోయింది" అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి మర్సియా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, నిజంగా ఈయన చేతికే తాడు ఇస్తావా? నీ గుండె రాయా ఏంటి?"

"వేరే దారి ఉంటే చెప్పు."

"నేను పడతా."

"నువ్వు పడితే సొర నవ్వి చస్తుంది. పని చూసుకో."

పడవ పక్కకి బోను దించి, ముందొక కట్టు, వెనకొక కట్టు వేశారు. నలుగురు దిగారు. వాళ్ళలో ఒక జర్మన్ ఆవిడ దిగకముందు నుంచే కేకలు పెడుతోంది. ఆబ్నర్ ట్యూనా తలకాయకి తాడు బిగించి విసిరాడు. చూస్తున్నంతసేపూ మర్సియా పళ్ళు బిగపట్టుకునే ఉంది. ఒక్కటి మాత్రం ఒప్పుకోక తప్పలేదు. ఎర ఒక్కసారి కూడా బోనుకి ఎదురుగా రాలేదు. పక్కనుంచి ఏటవాలుగా, బోనుకి రెండు బారల దూరంలోనే తిప్పి అవతలికి లాగేస్తున్నాడు. ఇంత ఒద్దికగా లాగేవాణ్ణి ఆమె రేవులో ఇంతవరకు చూడలేదు.

"వచ్చింది" అన్నాడు ఆబ్నర్, ఇంకా ఎవరికీ ఏమీ కనబడకముందే. "ఆడది. నాలుగు మీటర్లు దాటుతుంది. మర్యాదస్తురాలు, తొందరేం లేదు ఆవిడకి."

నీళ్ళ కింద పెద్ద నీడ ఒకటి నింపాదిగా తిరిగింది. "కిందికి! ఎడమవైపు!" అని లువుయో అరిచాడు. బోనులో నాలుగు తలలూ మునిగాయి. సొర బోను పక్కనుంచి వెళ్ళిపోయింది, ఎరని చూసీ చూడనట్టు. జర్మన్ ఆవిడ పైకి లేచి ఏడ్చింది, సంతోషంతో. మర్సియాకి కూడా కాస్త ఊపిరి తిరిగింది.

ఆ ఊపిరి పూర్తిగా తీసుకోకముందే జరిగింది. పడవ అడుగునుంచి రెండో సొర ఒకటి దూసుకొచ్చింది. కుర్రది, మూడు మీటర్లు ఉంటుందేమో. పెద్దదాన్ని చూసి బెదిరిందో ఏమో, తప్పించుకోబోయి పడవకీ బోనుకీ మధ్య సందులో దూరింది. మొప్పల దాకా దూరి ఇరుక్కుపోయింది. తోక ఒక్కసారి ఝాడించేసరికి బోను మొత్తం ఊగి పడవకి గుద్దుకుంది. లోపల నలుగురూ ఒకరి మీద ఒకరు పడ్డారు. కమ్మీలు కిర్రుమన్నాయి.

 సరంగుగా ఏం చెయ్యాలో మర్సియా పుస్తకంలో చదివిందంతా ఎటుపోయిందో ఎటుపోయింది. లువుయో పొడుగు కొక్కెం కర్ర పట్టుకుని సొర ముక్కు మీద పెట్టి నెట్టబోయాడు.

"ఆపు!" ఆ అరుపు ఆబ్నర్‌ది. "వెనక్కి నెట్టకురా నాయనా! సొరకి వెనక్కి ఈదటం రాదు. నెట్టేకొద్దీ ముందుకే పొడుస్తుంది, కమ్మీలు విరుగుతాయి!" అంటూనే డెక్కు అంచు మీద బోర్లా పడుకున్నాడు. "సరంగూ! ముందు కట్టు రెండు బారలు వదులు. వెనక కట్టు ముట్టుకోకు!"

పదకొండేళ్ళ పగని పక్కన పెట్టి ఆలోచించే వ్యవధి కూడా లేదు. మర్సియా పరిగెత్తి ముందు కట్టు వదిలింది. సందు ముందువైపు కొద్దిగా తెరుచుకుంది. ఆబ్నర్ కుడిచెయ్యి భుజం దాకా ఆ సందులోకి పోయింది. తాడుకి కట్టిన ట్యూనా తలని సొర ముక్కుకి జానెడు ముందు ఆడించాడు. అది నోరు తెరిచినప్పుడల్లా ఇంకో జానెడు ముందుకి జరిపాడు. తాడు అతని మెడ వెనకనుంచి వచ్చి చేతికి చుట్టుకుని ఉంది.

"రా నాన్నా, రా. భయపడకు. ఇటు చూడు, ఇటు ఖాళీ ఉంది. రా, ఇంకొంచెం" అంటున్నాడు. తప్పిపోయిన పిల్లాడితో మాట్లాడినట్టుంది ఆ గొంతు.

సొర జానెడు జానెడు కదిలింది. ఒళ్ళంతా కమ్మీలకి రాసుకుంటూ, ముందుకే, ముందుకే. చివరికి తోక కూడా సందులోంచి బయటపడింది. ఆబ్నర్ తాడు వదిలేశాడు. సొరకి ఎర తిననివ్వకూడదన్నది రూలు. "తిననీ, కష్టపడింది" అన్నాడు ఒగరుస్తూ. సొర ట్యూనా తలతో సహా లోతుకి పోయింది.

బోనులో అందరూ క్షేమం. ఒకాయనకి మోచెయ్యి గీరుకుంది, అంతే. ఇదంతా ప్రదర్శనలో భాగమనుకుందో ఏమో, జర్మన్ ఆవిడ "ఇంకోసారి చేయించగలరా?" అని అడిగింది. లువుయో ఆవిడ వంక చూసిన చూపు రాస్తే ఈ పత్రికలో అచ్చువెయ్యరు.

మర్సియా మాత్రం ఇంజన్ పెట్టె మీద కూలబడిపోయింది. సొరని చూసి కాదు. ఆ చేతిని చూసి. మెడ వెనకనుంచి వచ్చిన తాడు, చేతికి చుట్టుకున్న తాడు, జానెడు జానెడుగా జరిగే చేపతల. పదకొండేళ్ళుగా ఆమె నిద్రలో కనబడేది అదే. ఆ రోజు ఆమె కిందనుంచి చూసింది. సొర తల బోనులో ఉంది, తను ఒక మూల నలిగిపోయి ఉంది, పై మూత తెరిచి ఉంది, ఆ వెలుతురులో ఆబ్నర్ చెయ్యి తాడు లాగుతోంది. అంతే గుర్తు. ఆపైన కళ్ళు మూతలుపడ్డాయి. తెలివొచ్చేసరికి డెక్కు మీద సారెల్ ఒళ్ళో ఉంది. విచారణలో అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది: తాడు ఆబ్నర్ చేతిలో ఉంది. అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు. ఆ మాటతో ఆబ్నర్ పడవ పని పోయింది. చేపలు కోసే బల్ల దగ్గర పదకొండేళ్ళు గడిపాడు. ఆమేమో ఏటేటా ఆ తారీఖున చర్చికి వెళ్ళి, సొర దానంతటదే బయటికి ఎగిరినందుకు దేవుడికీ, తనని పైకెత్తినందుకు సారెల్‌కీ దండాలు పెడుతూ వచ్చింది. కృతజ్ఞతంతా తప్పు చిరునామాకి పోయింది.

సొరకి వెనకడుగు లేదు. బోనులో దూరిన సొర బయటపడాలంటే పై మూతే దారి. ఎవరో ఒకరు మూత తెరిచి, దాన్ని ఎరతో పైకి నడిపించాలి.

టూరిస్టులు వేడి వేడి సూపు తాగుతుంటే మర్సియా వెనక్కి వెళ్ళింది. ఆబ్నర్ భుజం తోలు ఊడి నెత్తురు కారుతోంది. అతను దాన్ని ఉప్పునీళ్ళతోనే కడుక్కుంటున్నాడు.

"ఆ రోజు మూత తెరిచింది నువ్వేనా?"

అతను తల ఎత్తలేదు. "ఏ రోజు?"

"నాతో ఆటలొద్దు. సొరని బయటికి తీసింది నువ్వేనా?"

"అది నాలుగున్నర మీటర్లది. ఇవాళ్టి పిల్లకాయ కాదు" అన్నాడు ఆబ్నర్. "నీ కాలు దాని పొట్ట కింద ఉంది. అది కదిలితే నీ కాలు పోతుందేమోనని భయపడ్డా. పోలేదు. నాకది చాలు."

 ఆ కాలి మీదే మర్సియా ఇవాళ నిలబడి పడవ నడుపుతోంది. ఆ కాలితోనే పెళ్ళిలో ఆడింది, కొండలెక్కింది, కూతుర్ని ఆడించింది.

"మరి లోపలికి లాగింది ఎవరు?"

"గాలి మారుతోంది. లంగరు తియ్యి."

"గాలి సంగతి నాకు తెలుసు. ఎవరు లాగారు? తాడు పట్టడం వచ్చినవాళ్ళు పడవలో మీరిద్దరే కదా. నువ్వూ..."  ఆ రెండో పేరు నోటికి రాలేదు. నడక నేర్పినట్టు చుక్కాని నేర్పిన మనిషి పేరది. పొద్దున తాళంచెవి ఇస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్న మనిషి.

ఆబ్నర్ అప్పుడు తల ఎత్తాడు. "ఆ రోజు ఫోటోలు తియ్యడానికి వచ్చినవాళ్ళు ఇంకొంచెం దగ్గరికి, ఇంకొంచెం దగ్గరికి అని ఒకటే గోల. నేను కుదరదన్నా. ముందుకెళ్ళి లంగరు తాడు చూసుకుంటున్నా. నీ కేక విని వచ్చా. అంతవరకే నేను చెప్పేది."

"ఎందుకు చెప్పలేదు? పదకొండేళ్ళు! నేను నిన్ను రోడ్డు మీద చూసి మొహం తిప్పుకుంటుంటే నీకేమీ అనిపించలేదా?"

"అనిపించకేం, మనిషినే కదా" అన్నాడు ఆబ్నర్. "నా పాతికేళ్ళప్పుడు దొంగతనంగా, బంగారం ధర పలికే పెర్లమూన్ గవ్వలు ఏరేవాణ్ణి, ఇదిగో ఈ నీళ్ళలోనే. ఒకరోజు అలల్లో కొట్టుకుపోయా. నా జట్టు పడవవాళ్ళు పోలీసులొస్తున్నారని నన్ను వదిలేసి పోయారు. ఆయన దూకాడు. కట్టుబట్టలతో దూకాడు, బూట్లు కూడా విప్పలేదు. నన్ను తీసుకొచ్చి పని నేర్పాడు. మనిషిని చేశాడు. అలాంటివాడి చేతిలో ఒక్క నిమిషం తాడు తప్పితే, ఆ నిమిషం కోసం ఆయన బతుకంతా పారబోస్తావా? నాకు మనసొప్పలేదు." భుజం మళ్ళీ కడుక్కుంటూ, "నువ్వు కూడా ఆ పేరు ఎత్తకు. నామీద ఏమైనా దయ ఉంటే అదొక్కటి చెయ్యి" అన్నాడు.

మర్సియా అతని తడి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది.  ఎన్ని మాటలు వెతికినా చిన్నవిగానే కనిపించాయి. చివరికి, "ఊమ్ ఆబ్నర్" అంది.

అంతే అంది.  అతను మొహం అవతలికి తిప్పుకుని, "చేపకంపు చేతులమ్మా, నీ చొక్కా పాడవుతుంది" అన్నాడు.

తిరుగుదారిలో సరంగులంతా రేడియోలో వరసగా మాట్లాడటం అక్కడి అలవాటు. ఎన్ని సొరలు కనబడ్డాయి, పడవలో ఎవరెవరు పనిచేశారు, అందరూ క్షేమమా. ఆ ముచ్చట పడవలే కాదు, ఇళ్ళలో ఆడవాళ్ళూ, రేవులో ముసలివాళ్ళూ చెవులు రిక్కించి వింటారు. మర్సియా వంతు వచ్చింది. ఆమె మైకు అందుకుంది. 

"హెస్టర్ నుంచి మర్సియా మాట్లాడుతున్నా. సొరలు రెండు. అందరం క్షేమం. నూనె పోసింది లువుయో. ఎర తాడు పట్టింది ఊమ్ ఆబ్నర్." మైకు ఇంకా దగ్గరికి పెట్టుకుంది. "ఇంకో మాట. పదకొండేళ్ళ కిందట విచారణలో నేను చెప్పింది కళ్ళతో చూసింది మాత్రమే. తెలుసుకున్నది కాదు. సొరని నా మీదికి లాగింది ఆయన కాదు. నా మీదనుంచి తీసింది ఆయన. నేను బతికుండటం, నా రెండు కాళ్ళూ నాకుండటం ఆయన పెట్టిన భిక్ష. అందరూ వింటుండగా చెబుతున్నా. ఊమ్ ఆబ్నర్, నన్ను క్షమించండి. మీకు నా దండాలు."

 లువుయో చేతిలో బకెట్టు అలాగే ఉండిపోయింది. ఆబ్నర్ టోపీ తీసి దాంతో మొహం కప్పుకున్నాడు.

తర్వాత ఒక్కొక్క పడవ నుంచీ గొంతులొచ్చాయి. "ఊమ్ ఆబ్నర్, మా పడవలోకి రండి, తాడు మీదే" అని ఒకరు. "ఊమ్, మా అమ్మ ఏడుస్తోంది ఇక్కడ, రాత్రి భోజనానికి రమ్మంటోంది, స్నూక్ చేప కాలుస్తుందట" అని ఇంకొకరు.  మర్సియా ఏడుస్తూ నవ్వుతోంది. అంతలో ఎవరో అడగనే అడిగారు.

"అమ్మాయ్, మరి తాడు లాగింది ఎవరు?"

మైకు ఆమె చేతిలోనే ఉంది. ఆబ్నర్ టోపీ దించి ఆమె వంకే చూస్తున్నాడు, తల అడ్డంగా ఊపుతూ. ఇన్నాళ్ళ తర్వాత అతను తనని అడిగింది ఆ ఒక్కటే. అబద్ధమూ చెప్పలేకపోతోంది, నిజమూ చెప్పలేకపోతోంది. మీట మీద ఆమె వేలు బిగుసుకుపోయింది.

రేడియో గరగరమంది.

"నేను" అంది ఒక గొంతు. సారెల్‌ది. రేవులో చేతి రేడియో పట్టుకుని ఉన్నట్టున్నాడు, వెనక అలల చప్పుడు వినబడుతోంది. "తాడు నా చేతిలో ఉంది. ఆబ్నర్, నన్ను నువ్వు కాపాడినన్నాళ్ళు నేను నిన్ను కాపాడలేదు. ఆ సంగతి రేవులోకొచ్చాక నీ కాళ్ళు పట్టుకుని చెబుతా." ఆయాసం తీర్చుకున్నాడు. "మర్సియా, తల్లీ, వింటున్నావా? ఆ రోజు బోనులో దిగాల్సింది నువ్వు కాదు. దిగాల్సిన అమ్మాయిని ఇంటికి పంపించి, ఆ స్థానంలో నిన్ను దింపమని నన్ను అడిగిన మనిషి ఒకరున్నారు. ఎందుకు అడిగారో ఆబ్నర్‌కి కూడా తెలీదు. ఇక ఇవాళ్టితో దాచలేను. ఆ మనిషి ఇక్కడే, నా పక్కనే, నీకోసం పూలు పట్టుకుని నిలబడ్డారు."

మర్సియా పడవ ముందు అద్దంలోంచి చూసింది. రేవు ఇంకా దూరంగానే ఉంది. పడవలు దింపే ఏటవాలు గట్టు మీద రెండు ఆకారాలు. ఒకటి సారెల్, వంగిపోయి ఉన్నాడు. రెండో ఆకారం పూలగుత్తి పైకెత్తి ఊపుతోంది. ఆ ఊపే తీరు మర్సియాకి పుట్టినప్పటినుంచీ తెలుసు.